తక్కెడమ్మ, రెండు టైర్లు

బజారులో ఆవిడ అసలు పేరు చాలామందికి తెలీదు. తక్కెడమ్మ అంటారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆవిడ సందు మొదట్లో కనపడిందంటే చివరి కొట్టుదాకా కబురు ముందే వెళ్లిపోతుంది. ఎందుకంటే ఆవిడ వచ్చేది జీపులో కాదు, ఒంటిచక్రం సైకిల్ మీద. సీటు, సీటు కింద ఒక పెద్ద చక్రం, దానికి రెండు పెడల్స్, అంతే బండి. హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు. యాభై దాటిన మనిషి అంత ఎత్తున కూర్చుని, వీపున సంచీ వేసుకుని, చేతులు గాల్లో ఆడిస్తూ వస్తుంటే కొత్తవాళ్లు నోరు తెరుచుకుని చూస్తారు. పాతవాళ్లు మాత్రం కాటా కింద అతికించిన అయస్కాంతం పీకే పనిలో ఉంటారు.

అనుమానం అంటే ఆవిడది మామూలు అనుమానం కాదు లెండి. ఇరవయ్యారేళ్ల సర్వీసులో పెంచి పోషించిన అనుమానం. లోపల తొలిచి మైనం నింపిన తూకపు రాళ్లు చూసింది. అడుగు లోపలికి నొక్కేసిన లీటరు డబ్బాలు చూసింది. సున్నా నుంచి కాకుండా సున్నాకి కాస్త ముందునుంచే తిరగడం మొదలుపెట్టే పెట్రోలు పంపులు చూసింది. ఇన్ని చూశాక ఎదుటి మనిషి ముఖం కనపడదు, చేతులే కనపడతాయి. కొట్టువాడు ఏదైనా వస్తువుని ముందుకు తోశాడా, ఆవిడ కళ్లు వాడు వెనక్కి జరిపినదాని మీదకి పోతాయి.

మొగుణ్ణి కూడా అలాగే పట్టుకుంది. అప్పట్లో కొత్తగా చేరిన ఉద్యోగం. ఒక దర్జీ కొట్టుకి తనిఖీకి వెళ్లి అతని టేపు కొలిస్తే మీటరుకి అర సెంటీమీటరు సాగి ఉంది. "టేపు సాగిందండీ, నేను సాగలేదు" అన్నాడతను. కేసు రాసింది. మర్నాడు కొత్త టేపు తెచ్చి ఆఫీసులో చూపించాడు. ఆ మరుసటి వారం మళ్లీ తెచ్చి చూపించాడు. కొత్త టేపుని ఎవరూ రెండోసారి చూపించరని ఆవిడకి అనుమానం వచ్చింది. అనుమానం నిజమే అయింది, ఆ వేసవిలోనే పెళ్లి చేసుకున్నారు.

ఒంటిచక్రం మాత్రం నలభై దాటాక వచ్చిన పిచ్చి. ఆ ఏడాది ఆవిణ్ణి లారీ కాటా దగ్గర వేశారు. లారీకీ లారీకీ మధ్య పని ఉండేది కాదు, అటూ ఇటూ ఇనుప కమ్మీలుండేవి. ఆవిడ అన్నగారిది సైకిల్ షాపు. అన్నగారు గల్లా దగ్గర కూర్చుంటాడు, అసలు పనంతా వదినది. రిమ్ముకి చువ్వలు వేయాలన్నా, వంకర తీయాలన్నా చుట్టుపక్కల ఆవిడ తర్వాతే ఎవరైనా. ఒంటిచక్రం తొక్కడం కూడా వదినకి అప్పటికే వచ్చు. షాపు మూల పడున్న పాత బండి తీసి, "ఖాళీగా కూర్చుంటే నీకు మనుషుల మీద అనుమానాలొస్తాయి, దీని మీద కూర్చో" అని ఇచ్చింది. కమ్మీలు పట్టుకుని ఎనిమిది నెలలు పడింది తక్కెడమ్మ. మోచేతులు చెక్కుకుపోయాయి, డ్రైవర్లు నవ్వారు, పై ఆఫీసరు సంజాయిషీ అడిగాడు. అయినా వదల్లేదు. ఒంటి బరువు అటుపోతే అటు పడేస్తుంది, ఇటుపోతే ఇటు పడేస్తుంది. తన దగ్గర అబద్ధం ఆడనిది ఈ లోకంలో అదొక్కటేనని ఆవిడకి నమ్మకం.

నేర్పింది వదినే కదా, మరి వదిన మీద నమ్మకం ఉండొద్దూ అంటారేమో. అదే లేదు. ఇరవై ఏళ్లుగా లేదు. దానికి పెద్ద కారణమేమీ కనపడదు. వదిన షాపులో మనిషి, అమ్మే మనిషి. అది చాలు.

పోయినేడు జరిగిన సంగతితో ఆ అనుమానానికి ఆధారం కూడా దొరికినట్టయింది. ఏటా ఒక ఆదివారం ఒంటిచక్రం వాళ్లంతా, ఓ ముప్పైమంది, పాత బస్సు డిపో నుంచి రిజర్వాయరు దాకా వెళ్లి, వేరే దారిన తిరిగొస్తారు. ఎనభై కిలోమీటర్లు. వదిన ఆరుసార్లు పూర్తి చేసింది. పోయినేడు తక్కెడమ్మ మొదటిసారి బయల్దేరి, అరవయ్యొకటో కిలోమీటరు దగ్గర ఒక గుంత అంచుకి చక్రం తగిలి, ట్యూబు ఢామ్మని పేలి, రోడ్డు మీద బోర్లా పడింది. మణికట్టు విరిగింది. ఆ ట్యూబు అంతకు ముందురోజు వదిన వేసిందే. ఆసుపత్రిలో వదిన తల దించుకుని, "ట్యూబు మంచిది కాదేమోలే" అంది. తక్కెడమ్మ దాన్ని నేరం ఒప్పుకున్నట్టే రాసుకుంది, కాగితం మీద కాదు, మనసులో.

ఇప్పుడు మళ్లీ ఆ ఆదివారం వస్తోంది. ఈసారి ఇంకో చిక్కు కూడా ఉంది. కుడి మోకాలు అరిగిపోయిందని, దూరాలు పోవడం ఇంక ఒక్కసారేనని, ఆ తర్వాత ఊళ్లోనే తిరగమని డాక్టరు తెగేసి చెప్పాడు. అంటే ఆ ఎనభై కిలోమీటర్లు ఈసారి అయితే అయినట్టు, లేకపోతే లేనట్టే. ఇలాంటప్పుడు పదిరోజుల ముందు వదిన, అడక్కుండానే, ఒక మాట అంది.

"ఈసారి సన్నటైరు వద్దమ్మాయ్. వెడల్పుది వేసుకో."

షాపు గోడకి రెండు టైర్లూ పక్కపక్కనే వేలాడుతున్నాయి. సన్నది బొటనవేలంత ఉంది. వెడల్పుది దానికి రెట్టింపు, ఒళ్లు చేసిన మనిషిలా.

"ఎందుకట?" అంది తక్కెడమ్మ.

"రెండు చక్రాల బండిలో బరువు చెరిసగం పంచుకుంటాయి. మన బండిలో ఉన్న బరువంతా ఒక్కదాని మీదే కదా. వెడల్పుదైతే గుంతల్లో కాస్త ఓర్చుకుంటుంది. నీ మోకాలికీ కుదుపు తగ్గుతుంది."

"బరువెక్కువ కదా. ఎత్తు మీద ఎవరు తొక్కుతారు?"

"ఓ పావుగంట ఆలస్యమవుతుంది. అయితే ఏం?"

"మరి నువ్వు ఏది వేసుకుంటున్నావు?"

వదిన చేతిలో రెంచీ తిప్పుతూ, "నాది సన్నదేలే" అంది.

ఇంక చూసుకోండి. ఇంటికి వచ్చేదాకా తక్కెడమ్మ బుర్రలో అదే తిరిగింది. తను సన్నది వేసుకుని దూసుకుపోతుందట, నాకు మాత్రం లావుది అంటగడుతుందట. ఆరుసార్లు పూర్తి చేసిన మనిషికి ఏడోసారి ఆడబిడ్డ పక్కన రావడం కష్టంగా ఉందేమో. లేకపోతే ఆ లావు టైరు ఎవరూ కొనక గోడకి వేలాడి వేలాడి బీటలిస్తోందేమో. ఎడమచేత్తో దాన్ని ముందుకు లాగి చూపించింది కూడా. పోయినేటి ట్యూబు సంగతి మళ్లీ లేవకుండా, నేను వెనకపడితే మోకాలి మీదకి తోసేద్దామనేమో. నా దగ్గరా ఈ పప్పులు ఉడకడం అనుకుంది.

సాయంత్రం దర్జీగారు చొక్కాకి కాజాలు కుడుతూ, మాటల్లో మాటగా, "మీ వదిన చెప్పినట్టు ఆ వెడల్పుదే వేసుకోరాదూ" అన్నాడు.

తక్కెడమ్మ చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది. వదిన చెప్పిన మాట తను ఇంట్లో అనలేదు.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరో అన్నారు" అని ఆయన సూది కళ్లదగ్గర పెట్టుకుని దారం ఎక్కించడం మొదలెట్టాడు. దారం అప్పటికే ఎక్కించి ఉంది.

అంటే ఇద్దరూ కూడబలుక్కున్నారు. తన వెనక తన బండి గురించి మంతనాలు జరిగాయి. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, బయటపడలేదు. అనుమానితుడికి మనకి తెలిసిందని తెలియకూడదు, అది మొదటి పాఠం. "సరే, రెండూ పరీక్ష చేసి చూస్తా" అంది మామూలుగా.

మర్నాడే వదినని రెండు చక్రాలకి రెండు టైర్లూ ఎక్కించి ఇమ్మంది. ఇంటి నుంచి ఆఫీసుకి పదకొండు కిలోమీటర్లు. మూడు రోజులు సన్నది, మూడు రోజులు వెడల్పుది. ఒకే రోడ్డు, ఒకే వేళ, సంచీలో ఒకే బరువు. రోజూ బయల్దేరే ముందు తన సొంత గేజ్‌తో గాలి చూసుకునేది. సన్నదానిలో ఎనభై పౌండ్లు, వెడల్పుదానిలో ముప్పై అయిదు. వదిన బొటనవేలితో టైరు నొక్కి చూసి "చాలు" అంటుంది. అలా వేలితో కొలిచే వాళ్ల మీద ఎన్ని కేసులు రాసిందో తక్కెడమ్మకే తెలీదు.

సన్నది ముప్పై ఏడు నిమిషాల్లో చేర్చింది. హాయిగా ఉంది, అనుకున్నంత కుదుపు కూడా లేదు. వెడల్పుది నలభై నాలుగు నిమిషాలు. అది పోనీ. రోడ్డు నడిమధ్య ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటాయి కదా, నీళ్లు పోవడానికి. ఆ వాలు మీదకి రాగానే వెడల్పు టైరు ఒక పక్కకి లాగడం మొదలుపెట్టింది. దాన్ని నిలబెట్టడానికి నడుం ఒకవైపు తిప్పి, ఒక తొడ బిగబట్టి తొక్కాల్సి వచ్చింది. మూడోరోజుకి మోకాలు ఉబ్బింది. కుర్చీలో కూర్చుని మోకాలు చేత్తో నిమురుకుంటూ, ఆవిడ నిజంగా భయపడింది. ఇలాంటి చక్రం మీద ఎనభై కిలోమీటర్లు వెళ్తే మోకాలు దారిలోనే పోతుంది. తను పూర్తి చేయకూడదనే ఎవరో ఇలా చేశారనిపించింది. ఎవరో ఏమిటి, ఎవరో ఆవిడకి తెలుసు.

ఆ సాయంత్రం, ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా, చక్రం పట్టుకుని షాపుకి వెళ్లింది. ఇద్దరు బేరగాళ్లు ఉన్నారు. ఉంటే ఉన్నారు.

"రిమ్ము వంకరగా పెట్టి ఇచ్చావు వదినా. పోయినేడు ట్యూబు, ఈ ఏడు రిమ్ము. నేను ఆ రోడ్డు పూర్తి చేస్తే నీకేం పోతుంది?"

అన్నగారు గల్లా దగ్గర్నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. బేరగాళ్లలో ఒకాయన మెల్లగా గోడ మీది తాళాల వైపు తిరిగాడు. వదిన చక్రం తీసుకుని వంకరలు తీసే స్టాండుకి బిగించి వేలితో ఒక్క తిప్పు తిప్పింది. రిమ్ము నీళ్లమీద గీత గీసినట్టు తిరిగింది. వెంట్రుకవాసి కూడా ఊగలేదు. తక్కెడమ్మ వంగి, ఒక కన్ను మూసి, రెండు వైపులా చూసింది. వంకర లేదు.

"గాలి ఎంత పెట్టావు?" అడిగింది వదిన.

"ముప్పై అయిదు."

"దేంతో చూశావు?"

"నా గేజ్‌తో."

వదిన షాపు గేజ్ తీసి వాల్వుకి పెట్టి, ముల్లు ఆవిడ వైపు తిప్పింది. ఇరవై నాలుగు. తక్కెడమ్మ సంచీలోంచి తన గేజ్ తీసి పెట్టింది. ముప్పై అయిదు.

"రెంటిలో ఏదో ఒకటి అబద్ధం" అంది తక్కెడమ్మ.

"అవును" అంది వదిన.

"నీది కూడా తీసుకెళ్తాను. ఆఫీసులో చూస్తాను."

వదిన తన గేజ్‌ని గుడ్డతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టింది. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని మనిషిని చూస్తే తక్కెడమ్మకి అనుమానం ఇంకా పెరుగుతుంది. దారంతా అదే అనుమానం.

మర్నాడు పొద్దున్నే, గుమాస్తా కూడా రాకముందే, పరీక్ష గదిలో పీడనం కొలిచే యంత్రానికి రెండు గేజ్‌లూ బిగించింది. ముందు వదినది. పది దగ్గర పది, ముప్పై దగ్గర ముప్పై, ఎనభై దగ్గర డెబ్భై తొమ్మిదిన్నర. మళ్లీ మొదటినుంచి చేసింది. అంతే. తర్వాత తనది. సున్నా దగ్గర సున్నాయే చూపించింది, అందుకే ఇన్నాళ్లూ పట్టుబడలేదు. పైకి వెళ్లేకొద్దీ అబద్ధం పెరిగింది. అసలు గాలి యాభై అయిదు ఉంటే అది ఎనభై అంది. లోపల స్ప్రింగు ఎప్పుడో నీరసించిపోయింది.

తక్కెడమ్మకి తల కొట్టేసినట్టయింది. ఊళ్లో ప్రతి కాటాకీ, ప్రతి పంపుకీ ఏడాదికోసారి ముద్ర వేస్తుంది. ముద్ర లేని కొలత కనపడితే ఒంటికాలి మీద లేస్తుంది. ఆరేళ్లుగా తన సంచీలో తిరుగుతున్న గేజ్‌కి మాత్రం ముద్ర లేదు. వెయ్యాలని కూడా తోచలేదు. తనదే కదా అనుకుంది. పోయినేడు ఎనభై అనుకుని యాభై అయిదు గాలితో బయల్దేరింది. అంత మెత్తటి సన్నటైరు, ఒంటిబరువంతా మీద పడితే, గుంత అంచు దగ్గర పేలక ఏం చేస్తుంది? సన్నది హాయిగా ఉన్నదీ అందుకే. వెడల్పుది పక్కకి లాగిందీ అందుకే. గాలి చాలని వెడల్పు టైరు వాలు మీద ఎటు పడితే అటు ఒరుగుతుంది. టైర్ల తప్పు లేదు. వదిన తప్పు అసలే లేదు. ఆవిడ చాలాసేపు ఆ గదిలో స్టూలు మీద కూర్చుని, సిగ్గుపడింది. అలా సిగ్గుపడటం ఆవిడకి అలవాటు లేదు, అందుకే ఎంతసేపు కూర్చోవాలో కూడా తెలీలేదు.

శనివారం షాపు తెరవగానే వెళ్లింది. వదిన ఒక్కతే ఉంది.

"నీది సరైనదే" అని గేజ్ తిరిగి ఇచ్చింది. "తప్పు నాది."

వదిన తలూపి, బల్ల సొరుగులోంచి ఒక పాత ట్యూబు తీసి బల్ల మీద పరిచింది. పోయినేటిది. దాని మీద రెండు చీలికలు, పక్కపక్కనే, పాము కాటేసినట్టు.

"ట్యూబు బాగాలేకపోతే ఒకచోట పోతుంది. ఇలా రెండు గాట్లు పడ్డాయంటే గాలి చాలక రిమ్ము కిందకి దిగి నొక్కేసిందన్నమాట. ఆ రోజే చూశాను."

"అంటే ఏడాదిగా నీకు తెలుసా?"

"గేజ్ అని తెలీదు. గాలి తక్కువ పెడుతున్నావని తెలుసు. అందుకే వెడల్పుది వేసుకోమన్నాను. గాలి అటూ ఇటూ అయినా అది ట్యూబుని కాపాడుతుంది. మీ ఆయన్ని కూడా ఒక మాట వెయ్యమన్నాను."

"ఆసుపత్రిలో ట్యూబు మంచిది కాదన్నావు. ఆ మాట అసలు ఎందుకన్నావు? ఉన్నదున్నట్టు నాతో ఎందుకు చెప్పలేదు?"

వదిన ట్యూబుని మళ్లీ చుట్టసాగింది. "చెప్తే ఏం చేసేదానివి?"

తక్కెడమ్మ ఆలోచించింది. వదినకి అబద్ధం చెప్పాలనిపించింది గానీ, నోరు రాలేదు.

"నీ గేజ్ సీజ్ చేసేదాన్ని" అంది.

వదిన నవ్వలేదు. "మరి అంతేగా" అంది. ట్యూబు సొరుగులో పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుంది. "నీతో ఏదైనా చెప్పాలంటే సగమే చెప్పాలమ్మాయ్. మిగతా సగం నువ్వే కనిపెట్టినట్టు ఉండాలి. పూర్తిగా చెప్తే ఎందుకు చెప్పానా అని చూస్తావు. ఇరవై ఏళ్లుగా నాకు అలవాటైపోయింది. ఇంతకీ రేపటికి ఏది వెయ్యమంటావు?"

"ఏదైతే బాగుంటుంది?"

"వెళ్లేటప్పుడు రోడ్డు నున్నగానే ఉంటుంది. వచ్చేటప్పుడే, చివరి పాతిక కిలోమీటర్లూ అతుకులు. నీ మోకాలికి వెడల్పుదే మంచిది. నలభై పెట్టు, పక్కకి లాగదు. నేను నీకంటే ఇరవై కిలోలు తక్కువ, నాకు సన్నది సరిపోతుంది."

"పూర్తిగానే చెప్పావు" అంది తక్కెడమ్మ.

"చెప్పానులే" అంది వదిన, పంపు అందుకుంటూ.

ఆదివారం ఆవిడ ఎనభై కిలోమీటర్లూ పూర్తి చేసింది. నాలుగు గంటల యాభై నిమిషాలు. వెడల్పు టైరు వాలు మీద కూడా బుద్ధిగా నడిచింది, అతుకుల రోడ్డు మీద గతుకుల్ని మింగేసింది. వదిన పావుగంట ముందే వచ్చి డిపో అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడ దిగుతుంటే వచ్చి భుజం పట్టుకుంది. తక్కెడమ్మకి ఏడుపొచ్చింది, మోకాలి నొప్పి అని చెప్పి కాసేపు ఏడ్చింది.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి దర్జీగారు గుండుసూదులు నోట్లో పెట్టుకుని ఒక లంగా అంచు మడుస్తున్నాడు. ఆమెని చూసి కళ్లతోనే అడిగాడు. పూర్తయిందని తలూపింది. ఆయన ముఖం వెలిగింది. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూలబడి, కాలు స్టూలు మీద చాపుకుని, మిషన్ మీద వంగిన ఆయన తలని చాలాసేపు చూసింది. ఇరవై నాలుగేళ్ల కాపురం. వదిన మాట దారి పొడుగునా చక్రంతో పాటు తిరుగుతూనే ఉంది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి" అంది. "మీరు కూడా నాతో సగమే చెప్తారా?"

ఆయన ఒక్కొక్క గుండుసూదీ నోట్లోంచి తీసి పిన్నుల దిండుకి గుచ్చాడు.

"ఏ విషయంలో?" అన్నాడు.